చప్పుడు లేని బడి

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది తొంభైల మొదట్లో. మా పుట్టిల్లు సంగారెడ్డిలో, కోర్టు వెనక గల్లీ. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. అత్తగారి ఊరు పటాన్‌చెరు దాటి కర్దనూర్ వైపు వెళ్లే దారిలో ఉంటుంది. భూమిలో కొంత ఫ్యాక్టరీలకు పోగా, మిగిలినదాంట్లో మా మామ జొన్న, కంది వేసేవారు. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగి. అత్తమ్మ ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు.

అత్తమ్మ పొడుగ్గా, సన్నగా ఉండేది. బడి నుంచి వచ్చేటప్పటికి ఆమె కొంగు చివర ఎప్పుడూ ఒక సుద్దముక్క ముడివేసి ఉండేది. బట్టలు ఉతికేటప్పుడు ఆ ముడి విప్పడం మరిచిపోతే చీరంతా తెల్లమరకలే. ఆ ఇంట్లో నేను చేసిన మొదటి పనుల్లో ఆ ముడి విప్పడం ఒకటి.

పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం ఇద్దరం వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. అత్తమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"బిడ్డా, మనిషి పెయ్యిల ఏమేముంటయో నువ్వు చదువుకున్నవు గదా?"

"చదువుకున్న అత్తమ్మా."

"తలకాయల ఏముంటదో గూడ?"

"ఆఁ. పెద్ద మెదడు, చిన్న మెదడు, మజ్జాముఖం..." అని మొదలుపెట్టి, క్లాసులో చెప్పినట్టే ఏ భాగం ఏ పని చేస్తుందో మొత్తం అప్పజెప్పాను. ఆమె చివరిదాకా ఓపికగా విన్నది.

"మంచిగ చెప్పినవు. పరీక్షల రాస్తే మార్కులు పడ్తయి. నాకు కావలసింది వేరే. మా పిల్లలు పొద్దుగాల ఏడో ఎక్కం గడగడ చెప్తరు. తెల్లారి అడిగితే నా మొఖం చూస్తరు. రాత్రికి రాత్రి అది యాడికి పోతది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను గానీ, ఆమె నా వైపు చూస్తున్న తీరు చూసి, "తెల్వది అత్తమ్మా" అన్నాను.

"తెలుసుకొని చెప్పు. జల్దీ ఏం లేదు" అని చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం మామ యాట తలకాయ తెచ్చారు. దాని మెదడును, అంటే భేజాను, కటికాయన విడిగా ఆకులో చుట్టి ఇచ్చాడు. నేను ఉల్లిగడ్డలు కోసి, నూనె కాగగానే దాన్ని గిన్నెలో వేయబోతున్నాను. బయటి నుంచి వచ్చిన అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు, ఆగు. జెర పళ్లెంల పెట్టు. ఎట్లుంటదో నాకు చూపియ్యి."

పళ్లెం పట్టుకుని ఇద్దరం వెలుతురు కోసం అరుగు మీదికి వెళ్లాం. నేను చెంచా కొనతో చూపిస్తూ చెప్పాను. ఇవి రెండు సగాలు, ఇవి మడతలు, వెనకనున్నది చిన్న మెదడు, ఇక్కడి నుంచి తీగలు వెన్నులోకి దిగుతాయి. అత్తమ్మ చూపుడువేలితో మెల్లగా తాకింది. వేలు దిగబడబోతే గభాలున వెనక్కి తీసుకుంది.

"మనిషిది గూడ గింత మెత్తగుంటదా?"

"గింతే. గడ్డపెరుగు లెక్క."

"పిల్లలది?"

"ఇంకా మెత్తగుంటది అత్తమ్మా. పైన పుర్రె ఉంటది గాబట్టి భద్రం."

ఆమె ఆ పళ్లెం వంకే చూస్తూ నెమ్మదిగా అంది, "మరి ఇన్నేండ్ల నుంచి నేను దీని మీదనే మొట్టికాయలు వేస్తున్న."

"పుర్రె గట్టిగ ఉంటది లే అత్తమ్మా."

"ఉండనీ. లోపల గిది ఉన్నదని తెల్సినంక నా చెయ్యి లేస్తదా?"

మంచం మీద నుంచి మామ "కూర ఎప్పుడైతది?" అని కేక వేశారు. అందరికీ వడ్డించింది గానీ ఆ రోజు అత్తమ్మ ఆ కూర ముట్టలేదు. సోమవారం నుంచి ఆమె ఏ పిల్లవాడి తల మీదా చెయ్యి వేయలేదు. బెత్తం ఇంటికి తెచ్చి చిక్కుడు పాదుకు ఆసరాగా పాతింది. బడి మొత్తంలో బెత్తం లేని టీచరు ఆమె ఒక్కతే. దాని గురించి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. అడిగినవాళ్లతో, "పాదుకు అక్కరుండె" అనేది.

రాత్రికి రాత్రి ఎక్కం ఎక్కడికి పోతుందన్న ఆమె మొదటి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆదివారాలు హైదరాబాదు వెళ్లినప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికేదాన్ని. మాకు పీజీలో పాఠం చెప్పిన లెక్చరరు ఒకాయన తన దగ్గరున్న పుస్తకాలు, పత్రికలు చదవడానికి ఇచ్చేవారు. రోజూ కాలేజీకి వెళ్లే సంగారెడ్డి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చదువుతూ వెళ్లేదాన్ని. సాయంత్రం వంటింట్లో అత్తమ్మకు తెలుగులో చెప్పేదాన్ని. మెదడులోని కణాలు ఒకదానికొకటి ముడిపడుతూ ఉంటాయనీ, నేర్చుకోవడమంటే ఆ ముడులు గట్టిపడడమేననీ. అదే పాఠం మళ్లీ మళ్లీ వినడం కంటే, పుస్తకం మూసి సొంతంగా గుర్తు తెచ్చుకుంటే ముడి బాగా బిగుస్తుందనీ. కాస్త మరిచిపోయే వ్యవధి ఇచ్చి, అప్పుడు అడిగితే ఇంకా మంచిదనీ. భయపడిన పిల్లవాడి మెదడు భయం పనిలోనే ఉంటుంది కాబట్టి పాఠానికి చోటుండదనీ.

అత్తమ్మ రొట్టె కొడుతూ వినేది. ఒక్కోసారి పిండి చేతులతో అలాగే ఆగిపోయేది.

"అంటే నేను చెప్పుడు తగ్గించాలె, వాళ్లతోని యాదికి తెప్పిచ్చుడు పెంచాలె. గంతేనా?"

"గంతే అనుకోండ్రి."

"అనుకునుడేంది? చేసి చూస్త."

చేసి చూసింది కూడా. రెండో తరగతి పిల్లల్ని రెండు జట్లు చేసింది. ఒక జట్టువాళ్లు కొత్త మాటల్ని ఎప్పటిలాగే కోరస్‌గా చదివారు. ఇంకో జట్టువాళ్లు ఒకసారి చదివి, పలకలు బోర్లించి, ఒకరికొకరు గుర్తున్నవి చెప్పుకున్నారు. వారం గడిచాక అడిగితే రెండో జట్టుకే ఎక్కువ గుర్తున్నాయి. నేను సంబరపడి, "చూసిన్రా అత్తమ్మా!" అన్నాను. ఆమె మాత్రం సంబరపడలేదు.

"గా జట్టుల తెలివైన పిల్లలు పడ్డరేమో. ఈసారి అటోళ్లను ఇటు, ఇటోళ్లను అటు మార్చి, వేరే మాటలతోని చూస్త."

అన్నం తింటూ ఆ మాట విన్న నేను నోట్లో ముద్ద మింగడం మరిచిపోయాను. ప్రయోగం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిల్లల విషయంలో తనను తాను మోసం చేసుకోకూడదని ఆమెకు ఒక పట్టుదల. అంతే. జట్లు మార్చినా ఫలితం అదే వచ్చింది. అప్పుడు గానీ ఆమె ముఖంలో నవ్వు రాలేదు.

నేను చెప్పిందల్లా ఆమె నమ్మేది కాదు. ఒకసారి ఏదో వారపత్రికలో చూసి, మనిషి తన మెదడులో పదోవంతే వాడుకుంటాడట అని చెప్పాను. అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"మిగిలింది ఊకె మోసుకొని తిరుగుతమా? తలకాయల ఏ మూలకు దెబ్బ తాకినా మనిషి ఏదో ఒకటి పోగొట్టుకుంటడు. మా అన్నకు పక్షవాతం వచ్చినప్పుడు చూసిన. గా పేపరోనికి ఏం తెల్వదు."

నేను మా లెక్చరరును అడిగాను. ఆయన నవ్వి, అది ఉత్తమాట అన్నారు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే, "నువ్వు అడిగి తెలుసుకున్నవు, గది మంచిగైంది" అని నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

నేర్చుకున్నది నిద్రలోనే కుదురుకుంటుందని నేను చెప్పినప్పుడు మాత్రం ఆమె వెంటనే ఒప్పుకుంది. క్లాసులో తూలిపోయే పిల్లలు ఆమెకు తెలుసు. కంపెనీ కార్మికులుండే లైన్ల గదుల్లో ఒక్కటే లైటు. తండ్రి షిఫ్టు నుంచి వచ్చేదాకా పిల్లలూ మెలకువగా ఉండేవాళ్లు. ఆ వారమంతా అత్తమ్మ సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి తల్లులతో ఒకటే మాట చెప్పింది: "రాత్రి కంపెనీ సైరన్ కూసే లోపల పిల్లలు పండాలె. ఇగ వాళ్ల నాయిన ముచ్చట్లు పొద్దుగాల." టైం చూసుకోవడానికి అందరిళ్లలో గడియారాలు లేవు. సైరన్ మాత్రం అందరికీ వినపడేది. కొందరు విన్నారు, కొందరు వినలేదు. విన్నవాళ్ల పిల్లలు ఎవరో పొద్దున హాజరు తీసుకునేటప్పుడే తెలిసిపోతుందని ఆమె అనేది.

ఇంతలో ఊళ్లో గొణుగుడు మొదలైంది. దానికి కారణం బడి చప్పుడు. అంతకుముందు ఎక్కాల కోరస్ బోరింగు దాకా వినపడేది. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు ఆ కేకలు విని, పిల్లలు చదువుతున్నారని తృప్తిపడేవాళ్లు. ఇప్పుడు అత్తమ్మ క్లాసు నుంచి ఏమీ వినపడటం లేదు. పిల్లలు కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటున్నారు, పక్కవాడి చెవిలో చెబుతున్నారు, పలక మీద రాసి బోర్లిస్తున్నారు. టీచరమ్మకు కోడలొచ్చాక చదువు చెప్పడం మానేసిందన్న మాట బోరింగు దగ్గర పుట్టి మా ఇంటికి కూడా చేరింది. నాకు ఏడుపొచ్చింది. అత్తమ్మ, "బడికి వచ్చి చూడుమని చెప్పు" అంది.

నిజంగానే వచ్చారు. ఆ రోజు మా కాలేజీకి సెలవు. మధ్యాహ్నం ఆమె మరిచిపోయిన సద్దిగిన్నె పట్టుకుని బడికి వెళ్లేసరికి, వరండాలో తల్లిదండ్రులు గుంపుగా నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరు, మంచివాడే గానీ నెమ్మదస్తుడు, ఎవరికి సర్దిచెప్పాలో తెలియక తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందున్న రైతు ఒకాయన భుజం మీది తువ్వాల దులుపుకుంటూ గట్టిగా అడిగాడు.

"టీచరమ్మా, ఇంటికాడికి ఏం వినవస్తలేదు. మా పిల్లలు చదువుతున్నరా, పంటున్నరా?"

"లోపలికి రాండ్రి. చాప మీద కూసోండ్రి" అంది అత్తమ్మ. "మీ పిల్లల్ని మీరే అడుగుండ్రి. నేను మాట్లాడ."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తన కొడుకునే అడిగాడు. "ఏడేడ్లు ఎంతరా?"

పిల్లవాడు కళ్లు మూసుకున్నాడు. తండ్రికి ఓపిక లేదు. "చూసిన్రా? రాదు" అన్నాడు.

అత్తమ్మ చెయ్యెత్తింది. "ఆగుండ్రి. యాదికి తెచ్చుకుంటున్నడు. జెర టైం ఇయ్యిండ్రి."

పిల్లవాడు కళ్లు తెరిచాడు. "నలభై తొమ్మిది."

"గట్టిగ ఎరికేనా, అందాజగ చెప్పినవా?" అన్నాడు తండ్రి.

"ఏడార్లు నలభై రెండు. దాని మీద ఇంకో ఏడు వేసుకున్న."

రైతు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఇంకో పిల్లను వెనకటి పాఠం అడిగాడు. ఆ పిల్ల లేచి చీమలు గూడు ఎలా కట్టుకుంటాయో పుస్తకంలో ఉన్నదీ, పుస్తకంలో లేక తను గోడ పక్కన చూసిందీ కలిపి చెప్పింది. మిగతా తండ్రులూ అడిగారు. పిల్లలు తడబడ్డారు, ఆగారు, ఒకరిద్దరు తప్పు చెప్పి తామే దిద్దుకున్నారు. ఏ ఒక్కరూ టీచరు ముఖం వంక భయంగా చూడలేదు. నేను గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

రైతు లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "చదువు మంచిగనే వస్తున్నది. నేను కాదంటలేను. కానీ జెర చప్పుడు గూడ చేయించు టీచరమ్మా. ఊరంత బోసిగున్నది."

అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఆయన మాటను నిజంగానే ఆలోచించింది. మరుసటి రోజు నుంచి బడి వదిలే ముందు కాసేపు పిల్లలు గొంతెత్తి పాటలు పాడేవాళ్లు. బోరింగు దగ్గర గొణుగుడు ఆగింది.

ఆ రోజు వచ్చిన గుంపులో వెనక గోడకు ఆనుకుని నిలబడి, ఏమీ అడగకుండా వెళ్లిపోయిన తల్లి ఒకామె ఉంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని. అంతకుముందు పొలాల్లో కైకిలి, కూలి పనులు చేసుకునే కుటుంబం. సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల మూడో తరగతి. చంకలో తమ్ముడు.

"అందరి పిల్లలు చెప్పిన్రు. నా బిడ్డ నోరు తెరవలే. అక్షరం ముక్క నిలుస్తలేదు. దీని తలకాయల మన్నున్నది టీచరమ్మా. ఇగ బంద్ చేయించి, తమ్మున్ని చూసుకోను ఇంటికాడ ఉంచుత."

ఆ పిల్ల కాలి బొటనవేలితో నేలను రాస్తూ నిలబడింది. అత్తమ్మ పిల్లవాణ్ని ఆ పిల్ల చంకలోంచి తీసుకుని తన ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"నిన్న ఇదే పిల్ల కుక్కపిల్ల కత చెప్తే మా క్లాసంత కిందమీద పడి నవ్విన్రు. మన్నే ఉంటే గా కత ఏడికెల్లి వచ్చింది?"

"కతలేం చేస్కోను టీచరమ్మా? చదువు రావాలె గదా."

"ఒక్క ఏడాది నాకియ్యి. గప్పుడు గూడ రాకుంటే నీ ఇష్టం."

ఆ తల్లి సరేనంది.

రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మ నన్ను అడిగింది. ఆ పిల్ల 'కమల' అని ఉంటే 'కలము' అని చదువుతుంది. పుస్తకంలో 'మ'కూ 'య'కూ తేడా పట్టుకోదు. నిన్న వచ్చిన మాట ఇవాళ రాదు. మాటల్లో మాత్రం మహా చురుకు. ఇది ఏంది?

దీనికి నేను చాలా పుస్తకాలు తిరగేశాను. కొందరు పిల్లల్లో తెలివికి ఏ లోటూ లేకపోయినా, మెదడులో శబ్దాన్నీ అక్షరాన్నీ కలిపే పని నెమ్మదిగా సాగుతుందని రాసి ఉంది. వాళ్లకు ముందు చెవితో మొదలుపెట్టాలట. మాటను ముక్కలుగా వినడం వస్తే, తర్వాత అక్షరానికి ముడి పడుతుందట.

"కానీ ఇదంత ఇంగ్లీషు పిల్లలను చూసి రాసింది అత్తమ్మా. మన అక్షరాలకు పనికొస్తదో లేదో నాకు తెల్వది."

"పనికొస్తదో లేదో పిల్లనే చెప్తది" అంది.

మరుసటి రోజు నుంచి క్లాసులో చెవి ఆటలు మొదలయ్యాయి. 'కమల'లో 'క' తీసేస్తే ఏం మిగిలింది? 'మల'. 'పలక'లో చివరిది తీసేస్తే? 'పల'. ప్రతి ముక్కకూ ఒక చింతగింజ నేల మీద పెట్టాలి. పిల్లలు తమ పేర్లలో మొదటి అక్షరం తీసేసి పిలుచుకుని పగలబడి నవ్వుకునేవాళ్లు. ఆ పిల్ల మొదట్లో తడబడింది. తర్వాత అందరికంటే ముందుగా గింజలు పెట్టడం మొదలుపెట్టింది. చెవి కుదిరింది. అత్తమ్మ ఉత్సాహంగా పుస్తకం తెరిచి ముందు పెట్టింది. మళ్లీ 'కలము' అనే చదివింది.

నెలలు గడిచాయి. తడిగుడ్డతో నేల మీద పెద్ద పెద్ద అక్షరాలు రాయించింది, ఇసుకలో వేలితో దిద్దించింది. నేల మీద వచ్చిన అక్షరం పుస్తకంలోకి వచ్చేసరికి మాయమయ్యేది. ఒక మధ్యాహ్నం అత్తమ్మ బడి నుంచి వచ్చి, చాయ్ కూడా తాగకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఆమెను అలా చూడటం అదే మొదటిసారి.

"నాతోని అయితలేదు బిడ్డా. పుస్తకాలల్ల ఇంకేమన్న ఉన్నదా?"

"నాకు దొరికింది గంతే అత్తమ్మా."

ఆమె కాసేపటికి లేచి కూర్చుంది. "సరే. పుస్తకంల లేకుంటే పిల్ల దగ్గరుంటది. రేపు నువ్వు సెలవు పెట్టు. ఇద్దరం కూసోని, చెప్పుడు బంద్ చేసి, ఊకె చూద్దాం."

చూశాం. ఆ పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని చదువుతుంటే, అత్తమ్మ పుస్తకం వంక కాకుండా ఆమె కళ్ల వంక చూసింది. కళ్లు మాట మొదట్లో ఒక్క క్షణం ఆగి, ఎగిరి ముందుకు పోతున్నాయి. మొదటి అక్షరం చూసి, మిగిలిన మాటను కథలోంచి ఊహించుకుంటోంది. ఆ ఊహ కూడా తెలివైనదే. అందుకే ఒక్కోసారి సరిగ్గా తగిలి, మమ్మల్ని మభ్యపెట్టింది. పలక మీద ఒక్కో అక్షరం విడిగా రాస్తే తప్పు లేకుండా చదువుతోంది. పేజీ నిండా అక్షరాలు కిక్కిరిసి ఉంటేనే పరేషాన్.

"గుంపు" అంది అత్తమ్మ. "గుంపుల తప్పిపోతున్నది. ఒక్కొక్కదాన్నే బయటికి పిలవాలె."

పిల్ల సంచిలో పుస్తకానికి వేసుకున్న మందుల డబ్బా అట్ట ఒకటి ఉంది. అత్తమ్మ దాన్ని అడిగి తీసుకుని, బ్లేడుతో మధ్యలో ఒక్క అక్షరం పట్టేంత కిటికీ కోసింది. పేజీ మీద పెట్టింది. మిగతా అక్షరాలన్నీ అట్ట కిందికి పోయాయి. కిటికీలో ఒక్క 'క' మిగిలింది.

"క" అంది పిల్ల.

అట్టను ఆమె చేతికే ఇచ్చింది. పిల్ల దాన్ని కుడివైపుకు జరిపింది. "మ." మళ్లీ జరిపింది. "ల." పెదవులు కదిలాయి. ఇన్నాళ్లూ చింతగింజలతో ఆడిన ఆట అప్పుడు పనికొచ్చింది. మూడు ముక్కలూ దగ్గరికి చేరాయి.

"కమల" అని, తలెత్తి, "గిదేనా టీచర్?" అని అడిగింది.

"గిదే బిడ్డా."

పిల్ల తర్వాతి మాట మీదికి అట్ట జరిపింది. అత్తమ్మ లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లి, మాకు వీపు చూపిస్తూ, ఏమీ రాసి లేని బల్లను చాలాసేపు తుడిచింది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని కాదు. ఒత్తులు వచ్చిన చోట కిటికీ చాలక, కిందికి పొడవుగా ఇంకో కిటికీ కోయాల్సి వచ్చింది. తల్లి తన సూపర్‌వైజరును అడిగి, పనికిరాని డబ్బాలు కట్టగట్టి తెచ్చి ఇచ్చింది. మిగతా పిల్లలు మాకూ కావాలని గోల చేస్తే అత్తమ్మ అందరికీ కిటికీ అట్టలు కోసి ఇచ్చింది. చదవడం వచ్చిన పిల్లలు రెండు రోజులు ఆడుకుని పారేశారు. ఎవరికి అక్కరుంటే వాళ్ల దగ్గరే ఉంటుందిలే అని ఆమె పట్టించుకోలేదు. ఆ పిల్ల దగ్గర మాత్రం అంచులు నలిగిపోయేదాకా ఉంది. తర్వాత కిటికీ వెడల్పయింది. ఒక అక్షరం కాస్తా ఒక మాట అయింది, ఒక వరస అయింది.

ఏడాది చివర్లో ఒక రోజు, కంపెనీ సెలవు నాడు, ఆ తల్లి బడికి వచ్చి గుమ్మంలో కూర్చుంది. పిల్ల ఒక పేజీ మొత్తం చదివింది. నెమ్మదిగా, ఆగి ఆగి, కానీ ఉన్నది ఉన్నట్టుగా. చదవడం అయిపోయాక తల్లి, "ఇంకోసారి" అంది. మళ్లీ చదివింది. తల్లి లేచి కొంగు సర్దుకుని అత్తమ్మతో, "ఇగ తమ్మున్ని మా అత్త చూసుకుంటది" అంది. వెళ్లిపోతూ గుమ్మం దగ్గర కూతురి తల మీద ఒకసారి చెయ్యి వేసింది.

ఆ పిల్ల పదో తరగతి ఒకసారి తప్పి, మళ్లీ రాసి పాసయింది. నర్సింగ్ చదివింది. చాలా ఏళ్ల తర్వాత సంగారెడ్డి బస్సులో తనే నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఒక ఆస్పత్రిలో పని చేస్తోందట. "ఇప్పటికీ మెల్లగనే చదువుత మేడం. మందు పేరైతే రెండుసార్లు చూస్త. అందుకే మా డాక్టరమ్మకు నా మీద నమ్మకం" అని నవ్వింది. ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే అత్తమ్మ, "మెల్లగ చదివితే నష్టమేంది?" అంది. కానీ ఆ రాత్రి మామకు, మా ఆయనకు, పక్కింటివాళ్లకు, మళ్లీ నాకు కూడా అదే సంగతి చెప్పింది.

రిటైరయ్యే ముందు సంగారెడ్డిలో టీచర్ల శిక్షణకు ఆమెను మాట్లాడమని పిలిచారు. తోడుగా నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. పిల్లల మెదడు గురించి మీరు ఎక్కడ శిక్షణ పొందారని ఎవరో అడిగారు. అత్తమ్మ నా వైపు చేయి చూపించింది. "మా కోడలు చదివి చెప్పింది, నేను చేసి చూసిన. పిల్లలు ఏది అవునో, ఏది కాదో చెప్పిన్రు." అందరూ వెనక్కి తిరిగి చూశారు. నాకు తల దించుకోవాలో, ఎత్తుకోవాలో తెలియలేదు.

రిటైరైన నెలకే ఆమె ఒక పాత లూనా మోపెడ్ కొనిపించుకుంది. మా ఆయన నవ్వితే, నవ్వనీయి అంది. నన్ను మాత్రం పక్కకు పిలిచి నిజంగానే అడిగింది.

"బిడ్డా, ఈ వయసుల కొత్తది తలకెక్కుతదా?"

"ఎక్కుతదనే రాసిన్రు అత్తమ్మా. పిల్లల కంటే జెర టైం పడ్తదట."

"పడనీ. నాకేం పరీక్షలున్నయా?"

అప్పుడే ఇంద్రేశం వైపు పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఇళ్లు ఇంకా లేవలేదు. హద్దురాళ్లు, మట్టిరోడ్లు మాత్రమే. ట్రాఫిక్ లేని ఆ రోడ్ల మీద సాయంత్రాలు ఆమె లూనా తొక్కుతుంటే, నేను వెనకాల సీటు పట్టుకుని పరుగెత్తేదాన్ని. ఒకసారి హద్దురాయికి గుద్దుకుని ఇద్దరం పడ్డాం. మోచేతులు కొట్టుకుపోయాయి. ఆమె చీర దులుపుకుని, తను ఏ క్షణంలో ఎటు చూసి పడిందో నాకు వివరంగా చెప్పి, మళ్లీ ఎక్కింది.

ఎండాకాలం పోయేసరికి ఒక్కతే నడపడం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున, "పటాన్‌చెరు అంగడికి పోదాం, ఎక్కు" అంది. భయపడుతూనే ఎక్కాను. పెద్దరోడ్డు అంచున ఆపి, రెండు వైపులా లారీలు పోయేదాకా నిలబడింది. కంపెనీ బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. రోడ్డు ఖాళీ అయింది.

"గట్టిగ పట్టుకో బిడ్డా" అంది.

పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో నేను ఆమెను అలా రెండు చేతులతో పట్టుకున్నది అదే మొదటిసారి. ఆమె రోడ్డు దాటించి, కూరగాయల బండ్ల మధ్యకు నెమ్మదిగా పోనిచ్చింది.